రెండు వందలు తక్కువ

కంచరపాలెం మెట్ట మీద
రేకుల కప్పు కింద నా గది.
ఫ్యాను తిరుగుతుంది గానీ
ఉన్న వేడినే కలియబెడుతుంది, గంజి కలిపినట్టు.

పెళ్లి వీడియోలు కత్తిరించి అతకడం నా పని.
తగరపువలస పెళ్లిని ఏడు గంటలు నమిలింది మెషీను.
ఈలోగా పెళ్లికొడుకు మేనత్త ఫోన్లు పదకొండు.
"అయిందా అమ్మా?"
అవుతోందండీ.

పూర్ణా మార్కెట్ వెనక సందులో
వాడేసిన ప్రాసెసర్ ఒకటి కొన్నాను.
ముప్పై ఏడు వందల వేగమని రాసుంది,
లోపల ఇంకా ఉందన్నాడు అమ్మినవాడు,
చేప తాజాదని చెప్పేవాళ్లలా
నా కళ్లల్లోకి చూడకుండా.

ముందు కూలర్ విప్పాను.
పాత పేస్టు బిగిసి
గోడ సున్నంలా పెళ్లలు రాలింది.
సింహాచలంలో ఆవాళ చందనం ఒలిచే రోజు,
అమ్మ తెల్లారగట్లే వెళ్లి క్యూలో నిలబడింది.
నేనిక్కడ దూదితో, స్పిరిట్‌తో
అగ్గిపెట్టెంత లోహాన్ని తుడిచి తుడిచి
దాని నిజరూపం చూశాను:
నా ముక్కు, నా కళ్లజోడు, వెనక కిటికీ.
మళ్లీ కొత్త పేస్టు, శనగగింజంత.
ఉగ్రంగా ఉన్నదాన్ని ముందు చల్లబరచాలని
మా ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒకసారికి ఒక్కటే మార్చు.
నోట్‌బుక్‌లో మొదటి వాక్యం ఇదే,
కింద రెండు గీతలు.
నలభై రెండు. నిలిచింది.
నలభై అయిదు. నిలిచింది.
నలభై ఏడు దగ్గర
తెర నీలమైపోయి మూర్ఛపోయింది.
వోల్టేజి చిటికెడు పెంచాను,
పులుసులో ఉప్పు వేసినట్టు.
కాదు, ఆ పోలిక తప్పు.
ఉప్పు ఎక్కువైతే నీళ్లు పోసుకోవచ్చు.
కాలిన సిలికాన్‌కి ఏం పోస్తాం?

నలభై తొమ్మిది కూడా నిలిచాక
గర్వమొచ్చింది, దాచుకోను.
కింద వాటాలో పైడయ్య మావని పిలిచి చూపించాను.
హార్బరులో ముప్పయ్యేళ్లు క్రేను నడిపిన మనిషి.
అంకెల్ని కాక, పక్కన ఎర్రగా వణుకుతున్న
ఉష్ణోగ్రతనే చూశాడు చాలాసేపు.
"కొక్కెం మీద ఇరవై టన్నులని రాసుంటాది, గుంటా.
ముప్పై కూడా ఎత్తుతాది. నాను ఎత్తాను ఓపాలి.
కానీ రాసిన అంకె కొక్కేనిది కాదు,
కింద నడిసే మనుసులది."
టీ వద్దని దిగిపోయాడు.

ఆ రాత్రి పరీక్ష పెట్టి పడుకున్నాను.
కోర్లన్నీ ఒకే రకం లెక్కలు
చేసి, చెరిపి, మళ్లీ చేసి.
ఎనభై ఆరు. ఎనభై తొమ్మిది.
గూడ్సు బండి పోతుంటే రేకులదిరాయి.
పన్నెండు దాటాక గాలి కొండవైపు నుంచి తిరిగింది,
ఎనభై మూడు.

అయిదు గంటల నలభై నిమిషాల దగ్గర
తెర నీలం కాలేదు, ఏదీ ఆగలేదు,
అయిదో కోరు మాత్రం
ఒక లెక్క తప్పు చెప్పింది.
కోటానుకోట్లలో ఒక్కటి.
ఆ ఎర్ర వరుసని నిద్రకళ్లతో చదివి లేచి కూర్చున్నాను.
కూలిపోయినా ఇంత భయపడేదాన్ని కాదు,
కూలిపోతే కనీసం తెలుస్తుంది.
ఇది నిలబడే ఉంది, తొణక్కుండా,
తప్పు చెబుతోంది.
రేపా తప్పు ఏ ఫ్రేములో పడుతుందో,
అక్షింతలు వేస్తున్న ఏ ముసలి చేతిలో పడుతుందో.

నలభై ఏడుకి దించాను.
వోల్టేజి కూడా ఒక మెట్టు కిందికి.
పన్నెండు గంటలు, డెబ్బై ఎనిమిది దాటలేదు,
ఒక్క లెక్కా తప్పలేదు.
వదులుకున్న రెండు వందల వల్ల
తగరపువలస పెళ్లికి పోయేది పావుగంట.
మేనత్తగారు ఇంకో ఫోను చేసుకుంటారు.

తెల్ల ప్లాస్టర్ ముక్క మీద 47 అని రాసి
కేబినెట్‌కి అంటించాను, కొక్కెం మీద రాసినట్టు.
అమ్మ గుడ్డముడి విప్పి, కొండ మీంచి తెచ్చిన చందనం
వేలికి తీసుకుని దగ్గరికొచ్చింది.
గాలి రంధ్రాలు మూయకమ్మా అన్నాను.
కాస్త పక్కకి జరిపి
బొట్టు పెట్టింది.